గుడి కుంగిందా, ఊరు ఎత్తయిందా? మా శివాలయంలోకి మూడు మెట్లు దిగాల్సి వస్తోంది

గౌతమి_పాయ
మాది కోనసీమలో చిన్న ఊరు. ఊరి మధ్య తూర్పు ముఖంగా పాత శివాలయం ఉంది. గర్భగుడి, దాని ముందు ఇద్దరు ఇరుకుగా నిలబడే అంతరాళం, నాలుగు స్తంభాల ముఖమండపం, ఎదురుగా నంది, ఉత్తరాన కోనేరు. గాలిగోపురం లేదు, టిక్కెట్టు లేదు, వరుసలు లేవు.

నా చిన్నప్పుడు వీధిలోంచి గుడిలోకి తిన్నగా నడిచి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు మూడు మెట్లు దిగాలి. వాన పడితే వీధి నీళ్ళన్నీ ప్రాకారంలోకే వస్తాయి. అంతకంటే పెద్ద బాధ, అభిషేకం చేసిన నీరు బయటికి పోవడం లేదు. మొన్న కార్తిక సోమవారం అంతరాళంలో కూర్చుని కళ్ళారా చూశాను. అభిషేకానికి చదివే నమకం మొదలైనప్పుడు నేల తడిగా మాత్రమే ఉంది. ఐదో అనువాకానికి లింగం కింది పానవట్టం చుట్టూ నీళ్ళు నిలిచాయి. చమకంలోకి వచ్చేసరికి అర్చకుడు గారి పాదాలు మునిగాయి. డెబ్బయ్యేళ్ళ మనిషి, ఒక చేత్తో ధార పోస్తూ, రెండో చేత్తో ఇత్తడి చెంబుతో నీళ్ళు తోడి బకెట్లో పోస్తున్నారు. మంత్రం మాత్రం ఎక్కడా ఆగలేదు.

కమిటీలో మూడు ప్రతిపాదనలు నడుస్తున్నాయి. గుడి కుంగిపోయింది కాబట్టి తీసేసి ఎత్తులో కొత్తది కట్టాలని కొందరు. జాకీలు పెట్టి గుడిని అమాంతం పైకి లేపుతానని ఒక గుత్తేదారు. గర్భగుడి నేలను ఎత్తు చేసి గ్రానైట్ పరిస్తే సరిపోతుందని మిగిలినవారు. అసలు గుడి కుంగిందని ఎలా తేల్చారో నాకు అర్థం కాలేదు. తెలిసినవారు చెప్పండి.

పూతరేకు
గుడి అక్కడే ఉంది. మీకు మోకాళ్ళ నొప్పులు వచ్చి మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

సివిల్_బాబాయ్
గుడి దాకా ఎందుకు, మీ వీధిలో పాత పెంకుటిళ్ళ అరుగులు చూడండి. అవీ రోడ్డు కంటే కిందే ఉండి ఉంటాయి. ముందు కంకర రోడ్డు వేస్తారు, తర్వాత తారు, దాని మీద సిమెంటు. పాతది తవ్వి తీసేవాడు ఎవడూ లేడు. తవ్వడానికి బిల్లు ఉండదు, పోయడానికి ఉంటుంది. మా మామగారి ఇంటి ముందు ముప్పయ్యేళ్ళలో రెండడుగులు లేచింది. ఇల్లు కుంగిందని ఆయన ఎవరితోనూ అనలేదు, పంచాయతీని తిట్టారు.

ఏటిగట్టు_మీద
రోడ్డు ఒక్కటే కారణం కాదు. ఇది గోదావరి తెచ్చి పోసిన నేల. ఏటిగట్లు సరిగా లేని రోజుల్లో వరద వచ్చి వెళ్ళినప్పుడల్లా ఒండ్రు మట్టి పొర మిగిల్చేది. 1986 ఆగస్టు వరద నాకు బాగా గుర్తు. మా లంకలో (ఏటి మధ్య దిబ్బ) నీళ్ళు తీశాక రామాలయం అరుగు మీద మోకాలి కింది దాకా బురద. పారలతో వారం రోజులు ఎత్తాం. ఎత్తి ఎక్కడ పోశాం? గుడి పక్కనే. వెయ్యేళ్ళ గుడి అంటే ఇలాంటివి ఎన్ని చూసి ఉంటుంది?

లంక_పొగాకు
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. భూమి లోపలి గ్యాసు తోడేస్తున్నారు కాబట్టి కోనసీమ మొత్తం కుంగుతోంది. మా వైపు ఎవరిని అడిగినా చెబుతారు.

సివిల్_బాబాయ్
@లంక_పొగాకు, ఆ వాదన ఇక్కడ నిలవదు. కోనసీమ మొత్తం కుంగితే గుడితో పాటు వీధీ కుంగుతుంది, మీ ఇల్లూ కుంగుతుంది. అప్పుడు మెట్లు పెరగవు కదా. గుడి ఒక్కటే మూడడుగులు దిగి, పక్కనున్న వీధి దిగకుండా ఉండాలంటే గుడి బరువుకు పునాది కింద మట్టి ఒత్తుకుపోవాలి. అది సమంగా జరగదు. గర్భగుడి బరువు వేరు, మండపం బరువు వేరు. రెండూ కలిసేచోట గోడ చీలాలి, ద్వారబంధం వంకర తిరగాలి. అటువంటివి కనిపిస్తున్నాయా?

గౌతమి_పాయ
చీలికలు లేవు. తలుపులు చక్కగా పడుతున్నాయి. దక్షిణపు గోడ మీద ఒక పగులు ఉంది కానీ అది సిమెంటు పూతది, రాతిది కాదు.

రాతిపిచ్చి
పగుళ్ళు తర్వాత చూద్దురు గాని. ముందు గుడి బయట, గర్భగుడి ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళండి. అభిషేక జలం బయటికి వచ్చే రాతి తూము ఉంటుంది. ప్రణాళం అంటారు, మన వాడుకలో సోమసూత్రం. అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి చెప్పండి.

గౌతమి_పాయ
కొలవడానికి ఏమీ లేదు. తూము మూతి నేలలోనే ఉంది. సగం పైకి కనిపిస్తుంది, సగం టైల్సు కింద. ఎనిమిదేళ్ళ క్రితం ప్రదక్షిణ దారి అంతా టైల్సు పరిచారు.

రాతిపిచ్చి
మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

మన వైపు రాతి గుడి గోడ నేల మీద నుంచి నేరుగా లేవదు. కింద అధిష్ఠానం ఉంటుంది. దానికి వరుసలు ఉంటాయి. అన్నిటికన్నా కింద ఉపానం, దాని మీద జగతి, ఆపైన కుముదం (కొన్నిచోట్ల గుండ్రంగా, కొన్నిచోట్ల మూడు పట్టెలుగా ఉంటుంది), తర్వాత లోపలికి నొక్కినట్టుండే కంఠం, అన్నిటికీ మీద పట్టిక. గోడ ఆ పట్టిక మీద లేస్తుంది. గర్భగుడి నేల దాదాపు పట్టిక ఎత్తుకు వస్తుంది. ప్రణాళాన్ని కూడా ఆ ఎత్తులోనే అమరుస్తారు. లోపల పానవట్టం మీద పోసిన నీరు తూములోకి జారి, కుముదానికి తగలకుండా దూరంగా పడాలి కాబట్టి తూము గోడకు ముందుకు పొడుచుకుని ఉంటుంది.

ఇప్పుడు మీ తూము నేలలో ఉందంటే, పట్టిక కిందిదంతా, అంటే అధిష్ఠానం మొత్తం, మట్టిలో ఉంది.  నీరు పోకపోవడానికి కారణం కూడా అదే. తూము బయట పడాల్సిన చోట టైల్సు ఉన్నాయి. నీరు ఎటు పోతుంది? వచ్చిన దారినే వెనక్కి వస్తుంది.

చాళుక్యుల నాటి గుడుల్లో అధిష్ఠానం ఎలా ఉంటుందో చూడాలంటే బిక్కవోలు వెళ్ళండి. గోలింగేశ్వరాలయం ఊళ్ళో ఉంది, దానికి రంగులు, పూతలు పడ్డాయి. పొలాల్లో ఉన్న నక్కలగుడి దగ్గర నిలబడితే గోడల మీద కోష్ఠాలు (విగ్రహాలుంచే గూళ్ళు), మకర తోరణాలు, పైన విమానం (గర్భగుడి మీది కట్టడం) తలాలు తలాలుగా (అంతస్తులుగా) ఎలా తగ్గుతూ పోతాయో తేటగా కనిపిస్తుంది. పూజ లేని గుడి కాబట్టి టైల్సూ లేవు. ఈ మాట రాస్తుంటే నాకే బాధగా ఉంది.

పులస_ప్రియుడు
పూజ ఉంటే టైల్సు, పూజ లేకపోతే నక్కలు. మధ్యలో ఏమీ లేదా?

కమిటీలో_ఒకడిని
నేను వేరే ఊరి ఆలయ కమిటీలో ఉన్నాను. టైల్సు పరిచినవాళ్ళను అందరూ తిడుతున్నారు కాబట్టి చెబుతున్నా. వానాకాలం ప్రదక్షిణ దారి జారుడు బురద అవుతుంది. మా ఊళ్ళో ఒక పెద్దావిడ పడి తుంటి విరిగింది. మర్నాడే ఊరంతా మా మీద పడ్డారు, టైల్సు ఎందుకు వేయలేదని. వేశాక గరుకు టైల్సు వేయలేదేమని. మరో సంగతి. గుడికి సొంత రాబడి లేదు. ఉన్న మాన్యం కౌలు ఏడాదికి ఒకసారి, అదీ బతిమాలితే వస్తుంది. ధూప దీప నైవేద్య పథకం కింద నెలకు 10,000 వస్తోంది, అది రోజువారీ సేవకే సరి. మరమ్మతు అంటే దాతలే. దాతకు పేరు రాయించుకునే పలక కావాలి. గ్రానైట్ మీద పేరు వస్తుంది, మండపం మీద వస్తుంది, స్టీలు కటకటాల మీద కూడా వస్తుంది. మురుగు తూము మీద ఎవరు రాయించుకుంటారు?

డాలస్_గోదారి
నేను రాయించుకుంటాను. నిజంగానే అంటున్నాను. తూముకు ఎంత అవుతుందో చెప్పండి, మా నాన్నగారి పేరు రాయండి. ఆయన జీవితమంతా కాలువల శాఖలో లస్కరుగా తూములు ఎత్తడం, దించడమే చేశారు.

పూతరేకు
@డాలస్_గోదారి, ఇంతవరకు ఈ చర్చలో వచ్చిన అందరి మాటల కంటే మీ మాట బరువైనది. పూతరేకులు పంపిస్తాను, ఆత్రేయపురం నుంచి.

అర్చకుని_మనవడు
మొదటి టపాలో రాసిన చెంబు, బకెట్ సంగతి చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా తాతగారు కూడా అంతే, ఇరవై ఏళ్ళు తోడారు. ఆ నీళ్ళు తోడి బయట ఎక్కడ పోశారన్నది కూడా సమస్యే. అభిషేక జలాన్ని తొక్కకూడదు. అందుకే సోమసూత్రం దాటకూడదన్నారు, శివాలయంలో ప్రదక్షిణ అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరగడం అందుకే. మా గుడిలో తూము మూసుకుపోయాక తాతగారు బకెట్ మోసుకెళ్ళి మారేడు చెట్టు మొదట్లో పోసేవారు. బకెట్లు ఎక్కువైన రోజు చెట్టు చుట్టూ బురద. కార్తికంలో ఏకాదశ రుద్రం చెప్పించుకునేవాళ్ళకు ఇదంతా తెలియదు. పదకొండుసార్లు నమకం అయ్యేసరికి ఎన్ని బిందెలు పడతాయో ఎవరైనా లెక్క వేశారా?

గర్భగుడి నేల ఎత్తు చేయడం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను, వద్దు. లింగానికి మూడు భాగాలు. అడుగున చతురస్రంగా ఉండేది బ్రహ్మభాగం, పానవట్టంలో ఇమిడే ఎనిమిది పలకల భాగం విష్ణుభాగం, పైకి గుండ్రంగా కనిపించేది రుద్రభాగం. నేల ఎత్తు చేస్తే పానవట్టం పూడుతుంది. అంటే స్వామిని నడుముల దాకా సిమెంటులో పాతినట్టే.

లంక_పొగాకు
మరి సోమసూత్రం టైల్సు కింద ఉంటే దాన్ని దాటినట్టా, దాటనట్టా? మా ఆవిడ ప్రతి సోమవారం పదకొండు ప్రదక్షిణలు నిండుగా తిరిగి వస్తోంది. ఇప్పుడు ఏమని చెప్పను?

అర్చకుని_మనవడు
తెలియక దాటితే దోషం లేదని పెద్దలు అంటారు. ఇప్పుడు మీరు చెబితే తెలిసిపోతుంది. చెప్పకండి.

పెరట్లో_నందివర్ధనం
@లంక_పొగాకు, చెప్పకుండా ఉండడం ఏమిటి? ఆవిడ చక్కగా నంది దగ్గర మొదలుపెట్టి తూము దాకా వెళ్ళి, అదే దారిన వెనక్కి వస్తే సరిపోతుంది. ఆడవాళ్ళకు చెబితే అర్థం కాదని మీరెందుకు అనుకుంటారు? మా అమ్మ ఆ తూము కింద పళ్ళెం పట్టి తీర్థం తెచ్చి పిల్లల నెత్తిన చల్లేది. తూము నేలలోకి పోయిందని మొదట గమనించింది కూడా ఆవిడే, పళ్ళెం పట్టడం కుదరక. అప్పుడు కమిటీలో ఉన్న మగవాళ్ళకు చెప్పింది. ఎవరూ వినలేదు.

గుడిగంట_77
ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. గర్భగుడిలో నీరు ఊరుతోందంటే అది మహిమ. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి పాదాల దగ్గర నీరు ఊరడం లేదా? మీ ఊరి వారు అదృష్టవంతులు. నాలుగు రోడ్ల కూడలిలో ఒక ఫ్లెక్సీ పెట్టండి, భక్తులు వస్తారు, రాబడి వస్తుంది, అప్పుడు ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు.

పులస_ప్రియుడు
ఫ్లెక్సీ పెట్టండి. వచ్చిన భక్తులకు తలా ఒక చెంబు ఇవ్వండి.

అర్చకుని_మనవడు
@గుడిగంట_77, ర్యాలి స్వామిని తక్కువ చేయడం లేదు. ముందు నుంచి కేశవుడు, వెనక నుంచి జగన్మోహిని, ఒకే శిలలో అంత పని చేసిన చేతికి దండం పెట్టకుండా ఎవరూ బయటికి రాలేరు. కానీ అక్కడ స్వామి పాదాలను తడిపే నీటికీ, ఇక్కడ పొద్దున పోసిన పాలు, పెరుగు, విభూతి కలిసి మధ్యాహ్నానికి వాసన కొట్టే నీటికీ పోలిక తేవద్దు. రెండోదాన్ని మహిమ అంటే స్వామికి అవమానం.

సివిల్_బాబాయ్
మహిమా, ఊటా అన్నది తేల్చడానికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. వరిచేలు ఎండుతాయి, బావుల్లో నీళ్ళు దిగుతాయి. అభిషేకం లేని వేళ, కాలువలు కట్టిన పదిహేను రోజుల తర్వాత గర్భగుడి నేల తడిగా ఉందేమో చూడండి. పొడిగా ఉంటే ఇప్పుడు వచ్చేది చేల నీటి ఊట, పైగా తిరగబడిన అభిషేకం నీరు. అప్పుడు కూడా తడి ఉంటే ఆలోచిద్దాం.

రెండో పని. తాపీమేస్త్రి దగ్గర నీళ్ళ గొట్టం ఉంటుంది, మట్టం చూసుకునేది. పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి రెండు చివరలూ పట్టుకుంటే రెండు వైపులా నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది. గర్భగుడి గడప, మండపం నేల, నంది పీఠం, బలిపీఠం, కోనేటి పైమెట్టు, అన్నిటి మట్టాలూ పోల్చండి. వేర్వేరు బరువులున్న ఈ కట్టడాలన్నీ ఒకదానికొకటి సరిగ్గా ఉంటే ఏదీ కుంగలేదు, చుట్టూ నేల లేచింది.

కమిటీలో_ఒకడిని
జాకీల సంగతి ఏమిటి? మా వైపు రెండు మేడలు అలా లేపారు. పగులు కూడా రాలేదు.

సివిల్_బాబాయ్
మేడ ఇటుక, సిమెంటు, ఇనుముతో ఒకటిగా అతుక్కుని ఉంటుంది. కింద దూలాలు తొడిగి సమంగా లేపవచ్చు. పాత రాతి గుడిలో రాయి మీద రాయి బరువుతో కూర్చుంటుంది. చాలాచోట్ల మధ్యలో సున్నం కూడా పేరుకే. ఒక మూల అర అంగుళం ముందు లేచిందంటే పట్టిక దగ్గర రాళ్ళు విడిపోతాయి. ఒకవేళ గుడి క్షేమంగా లేచిందనుకోండి, లింగం పునాది వేరు కదా. గుడి పైకి పోతుంది, స్వామి కింద ఉంటాడు.

రాతిపిచ్చి
స్వామిని కూడా లేపాలంటే కళాకర్షణ చేసి (స్వామిలోని దైవశక్తిని కలశంలోకి తీసుకుని), బాలాలయం (తాత్కాలిక గుడి) కట్టి, మళ్ళీ ప్రతిష్ఠ దాకా వెళ్ళాలి. తూము మూసుకుపోయిందని ఊరి దేవుణ్ణి కదిలించడం ఏ ఆగమంలోనూ ఉండదు.

ఒక మాట అదనంగా. ఈ నేలలో అడుగు తవ్వినా పదడుగులు తవ్వినా మట్టి, ఇసుక తప్ప రాయి రాదు. మన డెల్టా గుళ్ళలో ఉన్న ప్రతి రాయీ ఎగువ నుంచి వచ్చిందే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, పడవలు తిరిగే కాలువలు తర్వాత వచ్చాయి. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ద్రాక్షారామకు, సామర్లకోటకు అన్నేసి రాళ్ళు చేరాయి. 892లో పట్టానికి వచ్చిన చాళుక్య భీముడి పేరు మీదే కదా రెండుచోట్లా భీమేశ్వరుడు. ఆ రెండుచోట్లా గర్భగుడి రెండంతస్తులు, లింగం కింది నుంచి పై అంతస్తు దాకా లేస్తుంది, అభిషేకం పైనుంచి చేస్తారు. అంత ఎత్తు నుంచి పడిన నీరు ఎటు పోవాలో కూడా ఆ శిల్పులు ముందే ఆలోచించారు. మనకు ఒక చిన్న తూము కాపాడుకోవడం చేతకావడం లేదు.

పూతరేకు
భీమవరం గునుపూడిలో ఇంకా బాగుంటుంది. కింద సోమేశ్వరుడు, పై అంతస్తులో అన్నపూర్ణమ్మ. మా ఇంట్లోనూ అదే ఏర్పాటు.

లంక_పొగాకు
అక్కడ లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా మారుతుందంటారు. అది కూడా తూము వల్లేనా?

పెరట్లో_నందివర్ధనం
విషయానికి రండి. @గౌతమి_పాయ, మీ గుడి ఏ కాలానిది? శాసనం ఏదైనా ఉందా?

గౌతమి_పాయ
ఊళ్ళో అందరూ వెయ్యేళ్ళు అంటారు, ఎవరూ లెక్క చెప్పరు. మండపంలో నైరుతి స్తంభం మీద అక్షరాల్లాంటివి చేతికి తగులుతాయి. పైన సున్నం, దాని మీద ఎనామిల్ రంగు. గులాబీ రంగు.

రాతిపిచ్చి
గులాబీ రంగు!

దయచేసి చాకు, ఉలి, వైరు బ్రష్షు దేన్నీ దగ్గరికి రానివ్వకండి. ఇసుక పీడనంతో కొట్టే యంత్రాలు అంతకంటే ప్రమాదం, రంగుతో పాటు అక్షరం అంచు కూడా పోతుంది. అక్షరాలు కనిపించడానికి సుద్దతో పూయడం కూడా వద్దు. మైసూరులో పురావస్తు సర్వేక్షణ వారి శాసన విభాగం ఉంది, ఫోటోలతో వారికి ఉత్తరం రాయండి. తడి కాగితం అద్ది, సిరాతో ముద్ర తీసి చదువుతారు. శక సంవత్సరం కనిపిస్తే 78 కలపండి, క్రీస్తుశకం వస్తుంది. నా అనుభవంలో ఇలాంటి చిన్న గుళ్ళలో ఎక్కువగా దొరికేది అఖండ దీపానికి ఇచ్చిన దానం. ఎవరో ఒకరు గుడి దీపం ఆరకుండా ఉండటానికి ఇన్ని గొర్రెలో, ఆవులో ఇచ్చి, నెయ్యి పోసే బాధ్యత ఫలానావారిదని రాయించి ఉంటారు. ద్రాక్షారామలో గోడలు, స్తంభాలు అటువంటి దానాలతో నిండి ఉన్నాయి.

ఎనామిల్ రంగు గురించి కూడా చెప్పాలి. రాయి తేమ పీల్చి వదులుతుంది. సున్నం దాన్ని అడ్డుకోదు. ఎనామిల్, సిమెంటు పూత దారి మూసేస్తాయి. కింద నుంచి ఎక్కిన తేమతో పాటు ఉప్పు కూడా ఎక్కుతుంది. అది పూత వెనక గడ్డకట్టి రాతి పైపొరను పొట్టులా రాల్చేస్తుంది. మీ దక్షిణపు గోడ మీద పూత పగిలిన చోట వేలితో తాకి చూడండి, తెల్లని పొడి వస్తుందేమో.

కమిటీలో_ఒకడిని
@రాతిపిచ్చి, మీరు చెప్పేవన్నీ నిజమే కావచ్చు. కానీ మీరు మాట్లాడే తీరు ఉందే, ఊళ్ళో వాళ్ళందరూ గుడి శత్రువులన్నట్టు ఉంటుంది. ఆ గులాబీ రంగు వేసినవాళ్ళు కూలి తీసుకోకుండా, ఉపవాసం ఉండి వేసి ఉంటారు. మా ఊళ్ళో అలాగే వేశారు.

రాతిపిచ్చి
ఒప్పుకుంటున్నాను. నోటి దురుసు నాది. ఉపవాసం ఉండి సున్నం వేయమని అడగవలసింది.

గౌతమి_పాయ
ఆరు నెలలైంది, చెప్పకుండా మాయమైనందుకు మన్నించండి. ఇక్కడ చదివినవి ఒక్కొక్కటీ చేశాం.

కాలువలు కట్టిన మూడో వారం గర్భగుడి నేల పూర్తిగా పొడి. అర్చకుడు గారు వట్టి చేత్తో తుడిచి చూపించారు, దుమ్ము అంటింది. ఫ్లెక్సీ అవకాశం పోయింది.

నీళ్ళ గొట్టంతో మేస్త్రి, నేను, ఇద్దరు కుర్రాళ్ళు ఒక పూట కూర్చున్నాం. గడప నుంచి మండపానికి, మండపం నుంచి నందికి, నంది నుంచి బలిపీఠానికి తేడా ఉంది కానీ అది దిగుతూ పోయే వరస, కట్టినప్పుడు ఉద్దేశించిందే. కోనేటి పైమెట్టు కూడా వీధికి మూడడుగులు కిందే. కుంగి ఉంటే కోనేరు కూడా గుడితో మాట్లాడుకుని కుంగి ఉండాలి.

దేవాదాయ శాఖకు అర్జీ పెట్టి, అనుమతి వచ్చాక ఉత్తరం వైపు ఊడిపోతున్న టైల్సు మాత్రం తీశాం. తూము కింద ఒక మనిషి దిగేంత గొయ్యి. పార వాడలేదు, తాపీలతో గోకాం. ముందు సిమెంటు కాంక్రీటు, దాని కింద ఇటుక ముక్కలు, దాని కింద నల్లమట్టి, మళ్ళీ ఇసుక చార, మళ్ళీ నల్లమట్టి. జానెడు లోతులో కంఠం బయటపడింది, ఆ కింద కుముదం. గుండ్రంగా, చేత్తో తడిమితే కుండ అంచులా నున్నగా ఉంది. పైన ఉన్న గోడంతా రంగులతో గరుకెక్కితే, మట్టిలో ఉన్న రాయి మాత్రం నిన్న చెక్కినట్టుంది. ఆ కింద జగతి, ఉపానం. పట్టిక పై అంచు నుంచి ఉపానం దాకా టేపు పెడితే మూడడుగుల రెండంగుళాలు.

అక్కడితో అయిపోలేదు. ఉపానం పక్కన నేల మీద ఒక రాతిపలక, దాని మధ్యలో అరచేతి వెడల్పు గాడి. అది కోనేరు వైపు వాలుగా పోతోంది. తూములోంచి పడిన నీరు ఆ గాడిలోకి వెళ్ళేదన్నమాట. గాడి నిండా గట్టిపడిన బురద, ఒక కొబ్బరిచిప్ప, మూడు కుంకుమ పొట్లాల ప్లాస్టిక్ కాగితాలు.

సివిల్_బాబాయ్
శభాష్. ఇప్పుడు గొయ్యిని అలా వదిలేయకండి, వానాకాలం వస్తే అది చెరువే. గుడి చుట్టూ నాలుగడుగుల వెడల్పున మట్టి తీసి, బయటి అంచుకు రాతి కట్టు కట్టి, అడుగు కోనేరు వైపు వాలుగా ఉంచండి. కోనేరు నిండినప్పుడు నీరు వెనక్కి తన్నకుండా తూముకు తలుపు కావాలి. పెద్ద వానలకు చిన్న మోటారు ఒకటి సిద్ధంగా ఉంచండి. ఒకేసారి నాలుగు వైపులా తవ్వకండి, ఒక వైపు అయ్యాక ఒక వైపు. మట్టి దన్ను ఒక్కసారిగా తీసేస్తే గోడకు మంచిది కాదు. కాంక్రీటు పని కాదు ఇది, సున్నం పని. గానుగ సున్నం ఆడే మేస్త్రి దొరికితే ముందే మాట్లాడుకోండి.

గౌతమి_పాయ
సరిగ్గా అలాగే మొదలుపెట్టాం. ఉత్తరం వైపు పూర్తయింది. నిన్న సోమవారం అభిషేకానికి తూములోంచి నీరు గాడిలో పడింది. అర్చకుడు గారు అలవాటు కొద్దీ చెంబు పక్కనే పెట్టుకున్నారు. చమకం అయిపోయాక చెంబులోకి చూసి, ఏమీ అనకుండా బోర్లించారు.

అర్చకుని_మనవడు
ఈ ఒక్క టపా మా తాతగారికి చదివి వినిపించాను. తూము మూతి కింద పళ్ళెం పట్టే వీలుందా అని అడిగారు.

గౌతమి_పాయ
ఉంది. మొదట పట్టింది మా మేనత్త.

పెరట్లో_నందివర్ధనం
మా అమ్మను కూడా తీసుకొస్తాను. ఊరి పేరు విడిగా సందేశం పెట్టండి.

డాలస్_గోదారి
నా వాగ్దానం మరిచిపోలేదు. పేరు ఎక్కడ రాస్తున్నారు?

కమిటీలో_ఒకడిని
గాడి పలక మీద మాత్రం వద్దు, అక్కడ అభిషేకం నీళ్ళు పడతాయి. తూము తలుపు మీద రాయించండి, ఎత్తినప్పుడల్లా కనిపిస్తుంది. ఇంకొక మాట, మా గుడిలో కూడా తూము నేలకు నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉందని మొన్న గమనించాను. వచ్చే కమిటీ సమావేశంలో లేవనెత్తుతున్నాను. నన్ను తిట్టబోయేవారు ముందే తిట్టుకోవచ్చు.

లంక_పొగాకు
మా ఆవిడకు చెప్పేశాను. పదకొండేళ్ళుగా ఎందుకు చెప్పలేదని అడుగుతోంది.

రాతిపిచ్చి
@గౌతమి_పాయ, నైరుతి స్తంభం?

గౌతమి_పాయ
మైసూరుకు ఉత్తరం, ఫోటోలు వెళ్ళాయి. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా దసరాకు గుడికి రంగులు వేద్దామని కొందరు బయలుదేరారు. ఈసారి నీలం అట.